ఎర్ర మచ్చ పురుగు, పేరు లేని పాప

చచ్చిన పురుగు ఒకదాన్ని తీసుకురావడానికి అనంతపురం నుంచి తాడేపల్లిగూడెం దాకా వెళ్ళి వచ్చాను. చంకలో ఇంకా రెండేళ్ళు నిండని పిల్ల, భుజాన సంచి. సంచిలో కాచి చల్లార్చిన నీళ్ళు, జ్వరం మందు, దగ్గు మందు, విరేచనాల పొట్లాలు, థర్మామీటరు, అది పగిలితే ఉండనీ అని ఇంకో థర్మామీటరు. వచ్చినప్పటి నుంచి చుట్టాలూ ఇరుగుపొరుగూ "అంత దూరం ఎందుకు పోయినావు?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక, పాప నిద్రపోయాక రోజూ కాస్త కాస్త ఇది రాశాను. ఎక్కడైనా కథ తెగినట్టు అనిపిస్తే, అక్కడ పాప లేచిందని అర్థం చేసుకోండి.

ఎర్ర చీటీ

మా ఆయన జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతారు. పగలు పిల్లలకి పాఠాలు, సాయంత్రం పెంకుపురుగులు. పెంకుపురుగంటే పై రెక్కలు పెంకులా గట్టిగా ఉండే పురుగు ఏదైనా సరే: పేడపురుగు, బియ్యంలో పడే ముక్కుపురుగు, నీళ్ళలో ఈదే నల్లపురుగు. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పాఠం, "వాడి జేబులు తడిమి చూడకుండా చొక్కా నానబెట్టొద్దు" అని.

ఆయనకి ఒకటే కోరిక. లోకంలో ఎవరూ ఇంకా పేరు పెట్టని ఒక్క పురుగుకి తను పేరు పెట్టాలి. ఒక్కటి చాలు.

ఒకప్పుడు మా ఊళ్ళో పనిచేసి, ఆయనకి చదువు చెప్పిన సోమరాజు మాస్టారు రిటైరయ్యాక సొంత ఊరు తాడేపల్లిగూడెంలో ఉంటున్నారు. చలికాలం మొదట్లో ఆయన దగ్గర్నుంచి కొన్ని ఫొటోలు వచ్చాయి. చింతగింజకి కాళ్ళు మొలిచినట్టున్న నల్లటి నీటిపురుగు. వీపు మధ్యలో గుండ్రంగా ఒక ఎర్ర మచ్చ. ఎప్పుడో కొల్లేట్లో పట్టినదట. మా ఆయన ఇంట్లో పుస్తకాలూ యూనివర్సిటీ పుస్తకాలూ అన్నీ తిరగేశారు. నల్లవి బోలెడున్నాయి. ఎర్ర మచ్చ ఉన్నది ఎక్కడా లేదు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. జ్వరమేమోనని నేను థర్మామీటరు పెట్టాను.

కొత్త జాతికి పేరు పెట్టడమంటే నోటికొచ్చింది అనేయడం కాదు. ఒక పురుగుని ఎంచి, "ఈ పేరుకి మూలం ఇదీ" అని లోకానికి చూపించాలి. దాన్ని టైప్ స్పెసిమెన్ అంటారు. దాని సూదికి ఎర్ర చీటీ గుచ్చి మ్యూజియంలో దాస్తారు. రేపు ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆ ఒక్క పురుగు దగ్గరికే వెళ్ళి తేల్చుకోవాలి. తక్కినవన్నీ దాని చుట్టాలు మాత్రమే. కాబట్టి మాస్టారి దగ్గరున్న పురుగు మా ఆయన చేతికి రావాలి. పోస్టంటే మాస్టారికి భయం. ఆయన ఒకసారి సీతాకోకచిలుకని పార్శిల్ చేస్తే అవతలివాళ్ళకి పౌడరు అందిందట. మా ఆయనకేమో ఇంటర్ ప్రాక్టికల్స్ డ్యూటీ. ఇక మిగిలింది నేను. నేనూ ఎమ్మెస్సీ జువాలజీనే. ఆయనకంటే మార్కులు ఎక్కువ కూడా. ఆ సంగతి ఇంట్లో నేను తప్ప ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఆ పురుగుకి మా పాప పేరు పెట్టాలని ఆయన ఆశ. ముచ్చటగానే ఉంది కానీ చిన్న చిక్కు. మా పాపకి పేరు లేదు.

మా అత్తగారు వాళ్ళమ్మ పేరు వెంకటసుబ్బమ్మ అనే పెట్టాలంటారు. మా అమ్మ నక్షత్రం ప్రకారం 'చూ' అక్షరంతో రావాలంటుంది. ఆ అక్షరంతో ఇంతవరకూ మాకు దొరికింది చూడామణి ఒక్కటే. మా మామగారు అంకెలు కూడి, రెండు పేర్లూ కలిసిరావని తేల్చారు. బారసాల వాయిదా పడుతూ వచ్చింది. ఈలోగా పిల్లకి పళ్ళొచ్చాయి, నడకొచ్చింది, మొండితనం వచ్చింది, పేరు రాలేదు. 'పాప' అంటే పలుకుతుంది. నేను అనుకున్న పేరు ఒకటుంది. ఒకసారి పైకి అన్నాను. "అదీ ఒక పేరేనా?" అన్నారు అత్తగారు. మళ్ళీ అనలేదు.

బయల్దేరేముందు మా ఆయన కత్తిరించిన ఎర్ర చీటీ ఒకటి నా చేతిలో పెట్టారు. అగ్గిపెట్టె బొమ్మంత కూడా లేదు. "పేరు దగ్గర చోటు వదిలాను. నువ్వొచ్చేలోగా ఏదో ఒకటి తేల్చేద్దాం. పాపైతే ఆగుతుంది, పురుగు ఆగదు" అన్నారు.

రైల్లో పేర్ల సంత

విజయవాడలో రైలు మారాక పెట్టెలో మర్యాద మారింది. మా వైపు ముందు "యాడికి?" అని అడిగి, జవాబు నచ్చితే తినడానికి ఏదైనా ఇస్తారు. ఇక్కడ ముందు పెట్టి తర్వాత అడుగుతారు. తణుకు వెళ్తున్న పెద్దావిడ పాప చేతిలో జామకాయ ముక్క పెట్టారు. నేను దాన్ని కాచిన నీళ్ళతో కడిగాను. ఆవిడ చూస్తూ ఉండగానే ఇంకోసారి కడిగాను.

"పాప పేరేంటమ్మా?"

"ఇంకా పెట్టలేదండీ."

"అయ్యయ్యో! నడుస్తోంది, జామకాయ తింటోంది, పేరు లేదా?"

"ఇంట్లో ఇంకా తేలలేదండీ."

"తేలకపోవడానికి అదేమన్నా పొలం తగాదా అమ్మా?"

అంతే, పెట్టె మొత్తం రంగంలోకి దిగింది. పెద్దావిడ శ్రీవల్లి అన్నారు. కిటికీ దగ్గరి కాలేజీ కుర్రాడు స్వీటీ అన్నాడు. "అది మా వీధిలో కుక్క పేరు బాబూ" అని ఆవిడ వాడిని కూర్చోబెట్టారు. టీ అమ్మే అతను కెటిల్ కింద పెట్టి, "నాకు ముగ్గురు ఆడపిల్లలండి. మూడు పేర్లూ చెప్తాను, మీకు నచ్చింది తీసుకోండి, పర్లేదు" అన్నాడు. మూడు రూపాయల టీకి మూడు పేర్లు. ఏలూరు స్టేషన్ దాటేసరికి పాప దగ్గర డజను పేర్లు పోగయ్యాయి. వాళ్ళలో ఒక్కరూ "తల్లివి, నీకేం ఇష్టం?" అని అడగలేదు.

"ఇంతకీ ఏ పనిమీద వెళ్తున్నావమ్మా?" అన్నారు పెద్దావిడ.

"ఒక పురుగుని తెచ్చుకోడానికండీ."

ఆవిడ మిఠాయి బుట్టని కాస్త తనవైపు జరుపుకున్నారు. "బతికున్నదా?"

"లేదండీ. ఎప్పుడో చనిపోయింది. ఇప్పుడు దానికి పేరు పెట్టాలి."

ఆవిడ నా వంక చూశారు, పాప వంక చూశారు.

"ముందు దీనికి పెట్టమ్మా" అన్నారు.

తాడేపల్లిగూడెం: మచ్చ దర్శనం

తాడేపల్లిగూడెంలో దిగగానే ఉల్లిపాయల వాసన పలకరించింది. ఎక్కడ చూసినా ఉల్లి బస్తాల లారీలే. పాపకి కళ్ళు మండుతాయేమోనని చెంగు కప్పాను. ఊపిరాడదేమోనని తీశాను. మాస్టారి ఇల్లు చేరేదాకా కప్పడం, తీయడం.

"రామ్మా, రా. పాపగారు కూడా లోపలికి దయచేయాలండీ" అన్నారు మాస్టారు. సన్నగా, పొడుగ్గా, కొత్త కళ్ళజోడులోంచి లోకాన్ని ఇప్పుడే కనిపెట్టినట్టు చూస్తారు. ఆయన భార్య మాణిక్యాంబగారు కాళ్ళకి నీళ్ళిచ్చి, పాపని చంకనేసుకుని, వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆవిడ చేతులు కడుక్కున్నారా లేదా అన్న విచారంలో మొదటి పది నిమిషాల మాటలు నాకు వినపడలేదు.

ఈ ఊళ్ళ మెత్తదనం గురించి ఒక మాట చెప్పాలి. మా వైపు ఇద్దరు ప్రేమగా మాట్లాడుకుంటుంటే పక్కింటివాళ్ళు విడదీయడానికి వస్తారు. ఇక్కడ మాస్టారి వీధిలో చెత్త దగ్గర ఇద్దరు నిజంగానే తగువు పడుతున్నారు. "మీరు మనిషేనాండీ?" అని ఒకాయన, "మీకంటే మనిషినేనండీ" అని ఇంకొకాయన. నేను పెళ్ళి మాటలనుకున్నాను.

భోజనంలో పనసపొట్టు కూర పెట్టారు. ఆవ పెట్టి చేసిన ఆ కూర ఎంత బాగుందంటే ఇంకో రెండుసార్లు వడ్డించుకున్నాను. పులుసులో మాత్రం బెల్లం. పప్పులో కూడా ఉందని నా అనుమానం. "కారం సరిపోయిందా అమ్మా?" అని ఆవిడ ఆదుర్దాగా అడిగారు. నేను సంచిలోంచి మా ఊరి కారప్పొడి తీశాను. మాస్టారు మర్యాదకి వేలితో అద్దుకుని రుచి చూసి, రెండు గ్లాసుల మజ్జిగ తాగి, "చాలా బాగుందండీ" అన్నారు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

చెయ్యి కడుక్కున్నాక పెట్టె తెచ్చారు. గాజు మూత ఉన్న చెక్కపెట్టె. లోపల దూది మీద, సూదికి గుచ్చి, అది. నిగనిగలాడే నలుపు. వీపు నట్టనడుమ ఎర్రగా, గుండ్రంగా, కొలిచి పెట్టినట్టు మచ్చ. భూతద్దం పెట్టుకుని వంగాను. సరిగ్గా అప్పుడే పాప పెట్టె మూలనున్న కలరా ఉండ తీసి నోటి దగ్గర పెట్టుకుంది. దాంతో నా పరీక్ష అక్కడే ఆగిపోయింది. ఉండ లాక్కుని, పాప నోరు కడిగి, చేతులు కడిగి, మాస్టారి చేతులు కూడా కడగబోయాను.

"ఎన్నేళ్ళుగానో ఇది నా దగ్గరే ఉందమ్మా" అన్నారు మాస్టారు. "మామూలు నల్లపురుగే అనుకున్నాను. మొన్న దసరా ముందు కంటికి ఆపరేషను అయింది. పండగ వెళ్ళాక కొత్త కళ్ళద్దాలతో మైక్రోస్కోపు దగ్గర కూర్చుంటే, మచ్చ! చూశావా, ఇన్నాళ్ళూ నా కంట్లో పొర వల్ల ఒక కొత్త జాతి ఆగిపోయింది."

జీవితమంతా పిల్లలకి ఎవరెవరో పెట్టిన పేర్లు బట్టీ వేయించిన మనిషి. ఇప్పుడు 'సేకరించినవారు' అని ఆయన పేరు అచ్చులో పడబోతోంది.

"పాప పేరే పెడుతున్నారటగా. తేలిందా?"

తేలలేదన్నాను.

"తొందరపడాలమ్మా. మా శాస్త్రంలో ఒకటే న్యాయం. ఎవరు ముందు అచ్చులో పెడితే వాళ్ళదే పేరు. తర్వాత ఎంత గొప్పవాడొచ్చి ఎంత అందమైన పేరు పెట్టినా చెల్లదు. పేరు పక్కనే పెట్టినవాడి పేరు కూడా రాస్తారు, శాశ్వతంగా."

మాస్టారు లోపలికి వెళ్ళాక మాణిక్యాంబగారు పాపకి పెరుగన్నం పెడుతూ నా వైపు తిరిగారు. "అందరి మాటా సరేగానీ, నువ్వేం అనుకున్నావే అమ్మాయ్?"

ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఎదురుచూడటం ఎప్పుడో మానేశాను. ఆవిడ చెవిలో చెప్పాను. ఆవిడ ముద్ద అలాగే పట్టుకుని ఒకసారి ఆ పేరు లోపల్లోపల అనుకున్నారు. "పిలవడానికి బావుంది" అన్నారు. అంతే.

ఏలూరు: పురుగులు రావడానికి దోమతెర

సాయంత్రం మా ఆయన ఫోన్ చేశారు. "ఒక్కటే పురుగంటే ఎవరైనా మరక అనొచ్చు. కొల్లేటికి వెళ్ళి, అక్కడ మచ్చ ఉన్నవి ఇంకో రెండైనా పట్టండి. అప్పుడు ఇక తిరుగులేదు." మరక అన్న మాటకి మాస్టారు నొచ్చుకున్నారు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కించారు. "నాకు పడవంటే కళ్ళు తిరుగుతాయి బాబూ, మీరెళ్ళిరండి" అని మాణిక్యాంబగారు పులిహోర కట్టిచ్చి ఉండిపోయారు.

భీమడోలు దగ్గర గుండు కొట్టించుకోవడానికి చిన్నతిరుపతికి వెళ్ళే యాత్రికులు సగం బస్సు ఖాళీ చేశారు. వట్లూరు దగ్గర కాలేజీ పిల్లలు మళ్ళీ నింపారు. వాళ్ళలో ఇద్దరమ్మాయిలు పాప పేరడిగారు. నేను నిద్రపోతున్నట్టు నటించాను.

పురుగులు పట్టే వల మాస్టారిది చిరిగిపోయి ఉంది. ఏలూరు బజారులో కరీముల్లాగారని, తివాచీలతోపాటు దోమతెర గుడ్డ కూడా అమ్మే ఆయన దుకాణంలో ఆగాం. తివాచీల మీద పాప దొర్లింది. ధర అడిగి, పాపని గబగబా లేపేశాను.

"దోమతెర ఎంత మంచానికమ్మా?" అన్నారాయన.

"మంచానికి కాదండీ. పురుగులు పట్టడానికి."

ఆయన గజంబద్ద కింద పెట్టారు. "మా నాన్నగారి నాటి నుంచీ ఈ కొట్టండి. పురుగులు లోపలికి రాకూడదని కొనేవాళ్ళనే చూశాను. రావాలని కొంటున్నది మీరే మొదలండి." అయినా గుడ్డ కొలిచి, కర్రకి కట్టడానికి నాడా ఉచితంగా ఇచ్చారు. పాప పేరడిగి, లేదని తెలిసి, "అల్లా మంచి పేరే ఇస్తాడమ్మా, ఆలస్యమైందంటే వెతుకుతున్నాడన్నమాట" అన్నారు. ఇన్ని సలహాల మధ్య పేరు చెప్పకుండా ధైర్యం చెప్పినది ఆయనొక్కరే.

కొల్లేరు: "ఎందుకుండవండీ?"

అనంతపురం నుంచి వచ్చిన మనిషికి కొల్లేరు చూస్తే ముందు కలిగేది ఆనందం కాదు, అనుమానం. ఇన్ని నీళ్ళు ఎవరివి? ఎవరూ తాళం వేయలేదేం? లంకల వైపు ఆటోలో పోతుంటే అటూ ఇటూ నీళ్ళే. కొన్నిచోట్ల తెగ్గొట్టిన చేపల చెరువుల గట్లు, మధ్యలో గుర్రపుడెక్క పచ్చగా, దానిమీద తెల్లటి కొంగలు. దూరంగా గూడబాతులు సంచీల్లాంటి గొంతులు వేలాడేసుకుని పెద్దమనుషుల్లా కూర్చున్నాయి. నాకు మాత్రం ఒకటే కనిపిస్తోంది: పాప ఎక్కడెక్కడ పడిపోవచ్చో.

దోనె నడిపే ఏసుపాదంగారు మెడలో శిలువ, తలకి తువ్వాలు, నోట్లో ఎప్పుడూ 'అండి'. దోనె చాలా సన్నం. ఎక్కగానే సంచిలోంచి చున్నీ తీసి పాప నడుం నా నడుముకి కట్టేశాను. ఇంకో చున్నీతో మళ్ళీ కట్టాను.

"లేగదూడని కట్టినట్టు కట్టేశారేంటండీ అమ్మగారూ?"

"మా ఊళ్ళో నీళ్ళుండవండీ. అలవాటు లేదు."

"నీళ్ళుండవా? మరేం చేస్తారండీ?"

"వాన కోసం చూస్తాం."

పాప పుట్టిన రోజున ఆ ఏడాది మొదటి వాన పడిందని, నర్సు పిల్లని నా పక్కన పడుకోబెట్టి వాన చూడటానికి కిటికీ దగ్గరికి పరిగెత్తిందని, ఆవిడ వెనకే డాక్టరమ్మ కూడా వెళ్ళిందని చెప్పాను. ఏసుపాదంగారు నమ్మలేదు. "వానొస్తే మేమూ పరిగెడతామండి. సామాన్లు పైకెత్తడానికండి" అన్నారు.

మాస్టారు పని మొదలుపెట్టారు. "ఏసుపాదంగారూ, వీపు మీద ఎర్ర మచ్చ ఉన్న నల్ల నీటిపురుగులు ఇక్కడున్నాయాండీ?"

"ఎందుకుండవండీ? బోలెడండి."

మాస్టారు నా వైపు గర్వంగా చూశారు. నాకెందుకో అనుమానం వచ్చింది. "పచ్చ మచ్చ ఉన్నవో?" అన్నాను.

"ఉంటాయండి."

"కొమ్ములున్నవి?"

"కాస్త వెతకాలండి. దొరుకుతాయండి."

"మీరు ఎప్పుడైనా చూశారాండీ?"

"చూడ్డానికేవుందండీ, తమరు అంత దూరం నుంచొచ్చి అడిగారు కదండీ. లేవంటే బావుంటుందాండీ?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

గుర్రపుడెక్క వేళ్ళ కింద వల తోసి, ఎత్తి, దులిపాం. నత్తలు, చిట్టి రొయ్యలు, తూనీగ పిల్లలు, ఒకసారి పాము. అది పాము కాదు, బొమ్మిడాయి చేప అని ఏసుపాదంగారు చెప్పేసరికి నేను దోనెలో లేచి నిలబడి ఉన్నాను, నాతోపాటు పాప కూడా వేలాడుతోంది. నల్లపురుగులు మాత్రం నిజంగానే బోలెడు పడ్డాయి. ఒక్కొక్కటీ పట్టుకుని తిప్పి చూశాం. నలుపు. ఇంకోటి. నలుపు. మధ్యాహ్నం పులిహోరలో కారప్పొడి నంజుకుని మళ్ళీ మొదలుపెట్టాం. వల దులిపిన వెంటనే నా చేతిలో ఎర్ర మచ్చ తళుక్కుమంది.

"మాస్టారండీ! ఇదుగోండీ!"

ఆయన అందుకున్నారు. భూతద్దం పెట్టారు. చాలాసేపు చూశారు. తర్వాత వాసన చూశారు.

"ఇది మీ ఊరి కారం అమ్మా" అన్నారు. "శాంపిల్ ముట్టుకునేముందు చేతులు కడుక్కోవాలి. సైన్సులో మొదటి పాఠం. మనిషి చేతిది పురుగుకి అంటుకుంటే మనం ప్రపంచాన్నే తప్పుదారి పట్టించినట్టు."

సిగ్గుతో చచ్చిపోయాను. పట్టిన పురుగులన్నిటినీ నీళ్ళలో వదిలేశాం. తిరుగు దారిలో మాస్టారు తనకి తాను చెప్పుకున్నారు: "దొరకలేదంటే అరుదైనదన్నమాట. అరుదైనదంటే విలువైనదన్నమాట." దిగేటప్పుడు ఏసుపాదంగారు ఒక కొర్రమేనుని ఆకులో చుట్టి బలవంతంగా చేతిలో పెట్టారు. "మచ్చ పురుగు ఈసారొచ్చినప్పుడు తప్పకుండా ఉంటుందండి" అన్నారు. ఆయన లెక్కలో అదే మర్యాద.

బొట్టు

మర్నాడు నా ప్రయాణం. పాలపొడి డబ్బాలో దూది పరిచి, మెత్తటి బెండు ముక్క అమర్చి, పురుగుని సూదితో సహా అందులో గుచ్చడానికి మాస్టారు పెట్టె మూత తీశారు. ఎర్ర చీటీ బల్ల మీద పెట్టి, కలం మూత తీసి, నేను మా ఆయనతో మాస్టారి ఫోన్లో మాట్లాడుతున్నాను.

"అత్తయ్య ఏమన్నారు?"

"వెంకటసుబ్బమ్మే."

"మా అమ్మ?"

"చూడామణి. నాన్న రెండూ కలిపి చూడమంటున్నారు, అంకెలు కుదురుతాయేమోనని."

పేర్లు కలిపి పలకబోతూ తలెత్తానో లేదో, నా ప్రాణం పోయింది. పాప కుర్చీ ఎక్కి, వేలు నోట్లో పెట్టుకుని, ఆ తడి వేలితో పురుగు వీపు నిమురుతోంది. కేక వేశాను. మాస్టారు కేక వేశారు. ఫోన్లో మా ఆయన కూడా దేనికో తెలియకుండానే కేక వేశారు. పాప ఎవరినీ పట్టించుకోలేదు. వేలు చూసుకుంది. వేలు ఎర్రగా ఉంది. ఆ వేలు తీసుకెళ్ళి నుదుటి మధ్య అద్దుకుంది.

"బొత్తు" అంది.

పెట్టెలో నల్లటి పురుగు. నిగనిగలాడుతూ, వీపు మీద ఏమీ లేకుండా.

వంటింట్లోంచి మాణిక్యాంబగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, పాప నుదురు చూసి, మురిసిపోయారు. "అరే, బొట్టు పెట్టుకుంది బంగారుతల్లి! ఎక్కడిదే కుంకుమ?"

మాస్టారు మెల్లగా పెట్టె వైపు చూపించారు.

"ఓహో, అదా" అన్నారావిడ. "దసరాకి నేను పెట్టిందేగా."

"నువ్వు... పెట్టావా?"

"ఆయుధపూజకండీ. మీరు ఆపరేషనై కంటికి కట్టుతో పడుకున్నారు. సైకిలుకి పెట్టాను, గ్రైండరుకి పెట్టాను, పుస్తకాలకి పెట్టాను. మైక్రోస్కోపుకి పెడదామని వెళ్తే దాని మీద ఈ పురుగాయన కూర్చుని ఉన్నాడు. ఆయుధానికి పెట్టి, దానిమీదున్న ప్రాణికి పెట్టకపోతే బావుంటుందా? అగ్గిపుల్ల కొసతో చిన్నది పెట్టాను. ఎంత గుండ్రంగా వచ్చిందో."

"మాణిక్యం! సైన్సుకి బొట్టు పెట్టేశావే!"

"సైన్సుకి పెట్టకూడదని ఎక్కడైనా రాసుందాండీ?"

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. నిన్న నాకు చెప్పిన మొదటి పాఠం ఆయనకి గుర్తొచ్చిందని ముఖం చూస్తే తెలిసింది. నేను గుర్తు చేయలేదు. చేయాలని నోరు ఎంత దురదపెట్టిందో నాకే తెలుసు. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నారనుకుని భయపడ్డాను. నవ్వుతున్నారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ నవ్వి, "ఎవరో దొర ఎప్పుడో పేరు పెట్టేసిన పురుగమ్మా ఇది. ముందు అచ్చేసినవాడిదే. మనం ఆలస్యంగా వచ్చాం" అన్నారు. నవ్వు ఆగాక కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. మాణిక్యాంబగారు ఆయన పక్కన కాఫీ పెట్టి, అక్కడే నేలమీద కూర్చున్నారు.

ఫోన్ ఇంకా తెగలేదు. జరిగింది మా ఆయనకి చెప్పాను.

"ఏం విరగలేదుగా?" అన్నారు.

"లేదు. కాస్త జలుబు చేసినట్టుంది, అంతే."

"పాప సంగతి కాదు."

"కాళ్ళూ మీసాలూ అన్నీ ఉన్నాయి. మచ్చే లేదు."

"సరే, జాగ్రత్తగా రా" అన్నారు. ఒక క్షణం ఆగి, "ఆ ఎర్ర చీటీ మాత్రం పారెయ్యకు" అన్నారు. ఆ మాటకి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఉల్లిపాయల ఊరు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ముందు అచ్చయిన పేరు

పురుగు మాస్టారి దగ్గరే ఉండిపోయింది. వచ్చే దసరాకి దానికి మళ్ళీ బొట్టు పెడతానని మాణిక్యాంబగారు చెప్పారు. ఈసారి మాస్టారు అడ్డు చెప్పరట. పాలపొడి డబ్బాలో నాకు సున్నుండలు పెట్టి పంపారు. రైల్లో ఎదుటివాళ్ళు పాప పేరడిగితే "ఇంకా పెట్టలేదండీ" అనబోయి ఆగాను. మాస్టారి న్యాయం గుర్తొచ్చింది. ముందు అచ్చులో ఎవరు పెడితే వాళ్ళదే. తర్వాత ఎంత పెద్దవాళ్ళు పెట్టినా చెల్లదు.

వెంకటసుబ్బమ్మ ఇంకా ఎక్కడా అచ్చుకాలేదు. చూడామణీ కాలేదు. మామగారి అంకెలైతే కాగితం మీదే తేలలేదు.

ఇదంతా పంపుతున్న ఈ పత్రికని మా అత్తగారు అట్ట నుంచి అట్ట దాకా, ప్రకటనలతో సహా చదువుతారు. అచ్చులో పడిన ఏ మాటనీ ఆవిడ కాదనడం నేను ఇంతవరకూ చూడలేదు. అందుకని ఆ ఎర్ర చీటీ తీసి, ఖాళీగా ఉన్న చోట పేరు రాసి, ఉయ్యాల తాడుకి కట్టాను. రాసినదంతా మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విని, చీటీ వంక చూసి, "నియమం ప్రకారం పెట్టినవారి పేరు కూడా పక్కన ఉండాలి" అని మాత్రం అన్నారు. అదీ రాశాను.

ఇక ఎవరికి అనుమానం వచ్చినా మా ఇంటికే వచ్చి చూసుకోవచ్చు. మూలం ఇక్కడే ఉంది. నా పక్కన, బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది. కాస్త జలుబు. జ్వరం లేదు, రెండు థర్మామీటర్లతోనూ చూశాను.

పేరు: తొలకరి.

పెట్టినది: అమ్మ.